లుప్తావయవం: పురాతన పిస్తోలుకు కొత్త గుర్రం తొడగవచ్చునా?

న్యాయశాస్త్రంలో కొంత ప్రవేశమున్నవారికి అవయవావయవి విచారం కొత్తది కాదు. తంతువులు అవయవాలు, పటం అవయవి. పటమంటే తంతువుల కుప్ప మాత్రమే కాదనీ, ఆ తంతువులలో సమవాయ సంబంధంతో నిలిచిన వేరొక ద్రవ్యమనీ నైయాయికుల సిద్ధాంతం. అటువంటి ద్రవ్యమేదీ లేదు, కుప్పకే మనం పేరు పెట్టుకున్నామని బౌద్ధుల ఖండన. నాగసేన భిక్షువు మిళిందునికి రథాన్ని చూపి బోధించినది ఇదే. ఈ వాదమంతా కుండలకూ వస్త్రాలకూ పరిమితమైన పండిత వినోదమని కొందరి అభిప్రాయం. నేను అంగీకరించను. లోకంలో ఈ ప్రశ్న మీదనే ధనం చేతులు మారుతున్నది, సత్యాసత్యాలు తారుమారవుతున్నవి. పురాతనాయుధ సంగ్రాహకుల మధ్య చిరకాలంగా నలుగుతున్న ఒక వివాదాన్ని దృష్టాంతంగా గ్రహించి దీనిని పరిశీలిద్దాం. వేదాంత చర్చలో పిస్తోలు ప్రసక్తి ఏమిటని సాధకులు సంకోచించనక్కరలేదు. ఆయుధపూజనాడు కత్తికీ కొడవలికీ తుపాకికీ కూడా పసుపు కుంకుమలు పెట్టే జాతి మనది.

ముందుగా వస్తుస్వరూపం. పద్దెనిమిదవ శతాబ్దంలో ఐరోపా, అమెరికా ఖండాలలో వాడిన పిస్తోలు చెకుముకి యంత్రంతో పేలేది. దాని పార్శ్వాన ఒక ఇనుప అవయవం చెకుముకి రాతిని దవడల మధ్య కరచుకొని ఉంటుంది. ఆంగ్లేయులు దానికి కోడిపుంజు పేరు పెట్టారు, మనవారు గుర్రమన్నారు. దూకే స్వభావాన్ని బట్టి చూస్తే మన పేరే సార్థకమని నాకు తోస్తుంది. మీట నొక్కగానే గుర్రం ముందుకు ఉరికి ఎదుటి ఉక్కు పలకను ఒరుసుకుంటుంది. రాలిన నిప్పురవ్వలు చిన్న పళ్లెంలోని మందును అంటిస్తాయి. ఆ జ్వాల సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి ప్రవేశిస్తుంది. 1807లో అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్ అనే స్కాట్లండ్ క్రైస్తవ మతాచార్యుడు, దెబ్బ తగిలినంత మాత్రాన మండే రసాయనంతో తుపాకి పేల్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1820ల నుండి ఆ రసాయనాన్ని ఇముడ్చుకున్న చిన్న రాగి టోపీ వ్యాప్తిలోకి వచ్చింది. చెకుముకి యుగం క్రమంగా అస్తమించింది.

అయితే పాత పిస్తోళ్లను ఎవరూ పారవేయలేదు. గుర్రాన్నీ ఉక్కు పలకనూ పళ్లేన్నీ తొలగించి, ఆ స్థానంలో టోపీ కూర్చునే మొననూ దానిని కొట్టే సుత్తినీ అమర్చుకున్నారు. అమెరికా సైన్యం కోసం సిమియన్ నార్త్ నిర్మించిన పిస్తోళ్లలోనూ, 1836 నమూనా పిస్తోళ్లలోనూ ఇటువంటి పరివర్తన పొందినవి అనేకం. కాలాంతరంలో సంగ్రాహకులు బయలుదేరారు. వారికి చెకుముకి రూపం మీద మమకారం అధికం, దానికి మూల్యమూ అధికం. అందుచేత శిల్పులు సుత్తిని ఊడబెరికి, కొత్త గుర్రాన్ని పోతపోసి, పలకనూ పళ్లేన్నీ మళ్లీ తొడిగి, ఆ కొత్త లోహానికి కృత్రిమంగా తుప్పు పట్టించి, శతాబ్దాల వయస్సు కల్పించడం ఆరంభించారు. పునఃపరివర్తన చేసినదని చెప్పి అమ్మే సజ్జనులున్నారు. చెప్పని వారూ ఉన్నారు.

ఇరవయ్యవ శతాబ్దపు ఆయుధాలలో ఈ మాయ మరింత సూక్ష్మరూపం ధరించింది. 1908లో జర్మను సైన్యం స్వీకరించిన లూగర్ పిస్తోలులో చిన్న చిన్న అవయవాల మీద సైతం ఆ పిస్తోలు క్రమసంఖ్యలోని చివరి రెండంకెలు ముద్రించి ఉంటాయి. అన్ని అంకెలూ సరిపోలితే విలువ ఒక విధం, ఒక్కటి పోలకపోతే మరొక విధం. లోపించిన అవయవం స్థానంలో వేరొక లూగరు నుండి తీసినది అమర్చి, దాని అంకెలను అరగదీసి, కావలసిన అంకెలను కొట్టేవారున్నారు. ఆ ఇనుము కూడా ఆ కాలపుదే, చేసినవాడూ ఆ కర్మాగారపు వాడే కావచ్చు. అసత్యమంతా రెండంకెలలో ఇమిడి ఉంది.

ఇప్పుడు శాస్త్రదృష్టి. గుర్రం ఊడిన పిస్తోలు, గుర్రమున్న పిస్తోలు ఒకటేనా? అవయవం పోతే పూర్వపు అవయవి నశిస్తుందని నైయాయికుడు నిర్మొహమాటంగా చెబుతాడు. చిరిగిన పటం పాత పటం కాదు, మిగిలిన తంతువులలో పుట్టిన ఖండపటం. అయితే అది అదేనని మనకు ఎందుకు తోస్తున్నది? దీపజ్వాల క్షణక్షణం మారుతున్నా అదే దీపమని తోచినట్లు, సాజాత్యం వలన కలిగిన ప్రతీతి అని అతని సమాధానం. ఈ లెక్కన కొత్త గుర్రం తొడిగినప్పుడు పునరుద్ధరణ జరగడం లేదు, మూడవ పిస్తోలు ఒకటి జన్మిస్తున్నది. పునరుద్ధరణ అనే పదమే ఇక్కడ ఔపచారికం. సంగ్రాహకులు వినడానికి ఇష్టపడని మాట ఇది.

వేదాంతి మార్గం వేరు. ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు అన్నప్పుడు, నాటి కాలదేశాలనూ నేటి కాలదేశాలనూ విడిచిపెట్టి వ్యక్తిమాత్రాన్ని గ్రహిస్తాం. జహదజహల్లక్షణకు ఇది ప్రసిద్ధోదాహరణ. జీవేశ్వరుల ఐక్యాన్ని బోధించడానికి ఉపాధులను త్యజించడమే ఉపాయం. పిస్తోలు యజమాని కూడా, ఎక్కడినుండి నేర్చుకున్నాడో కానీ, ఇదే పలుకుతాడు: అవయవం మారితే ఏమి, వస్తువు అదే కదా! ఇక్కడే పొరపాటు. దేవదత్తునిలో ఉపాధులను తొలగించిన పిమ్మట మిగిలే చైతన్యం ఉన్నది. పిస్తోలులో ఏమి మిగులుతుంది? కొంత ఇనుము, కొంత వాల్‌నట్ దారువు. సంగ్రాహకుడు దానిని ఆదరించేది ఆ ఇనుము కోసం కాదు. ఫలానా కాలంలో ఫలానా చోట ఫలానా చేతులలో ఉన్నదన్న కారణం చేత. అనగా వేదాంతి త్యజించే కాలదేశోపాధులే ఆ వస్తువుకు సర్వస్వం. ఆత్మవిషయంలో ఉపాధిత్యాగం జ్ఞానం, పురావస్తువు విషయంలో అది వస్తునాశనం. అద్వైతాన్ని అస్థానంలో ప్రయోగిస్తే సౌకర్యవాదంగా దిగజారుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు స్ఫురించడం లేదు. మట్టి ఒక్కటే సత్యమన్న వాక్యం చదివినవాడు పగిలిన కుండను మంచి కుండ ధరకు అమ్మవచ్చునా?

మరొక అంశం, నా దృష్టిలో ఇదే ముఖ్యం. వైశేషికులు అభావాన్ని కూడా ఒక పదార్థంగా పరిగణించారు. లేకపోవడం శూన్యం కాదు, అది తెలియదగిన విషయం. భాట్టులు, అద్వైతులు దానిని గ్రహించడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్నే అంగీకరించారు. అభావాలలో ప్రధ్వంసాభావానికి ఆది ఉన్నది, అంతం లేదు. పగిలిన కుండ అభావం ఎన్ని కొత్త కుండలు చేసినా తొలగదు. పిస్తోలుకు మొదట ఉన్న గుర్రం ఏ కొలిమిలోనో కరిగిపోయి ఉంటే, దాని ధ్వంసం అనంతం. కొత్త గుర్రం ఆ అభావాన్ని పూరించదు, కప్పివేస్తుంది. పోనీ, ఎక్కడో ఒక పెట్టె అడుగున అసలు గుర్రమే దొరికిందనుకుందాం. దానిని తిరిగి బిగించినా పూర్వపు సంయోగం నశించినదే, ఇది మరొక సంయోగం. అయితే ఈ రెండవ సందర్భంలో ఎవరినీ వంచించినట్లు కాదు.

ఆ ఖాళీ చోటు మౌనంగా లేదు. సుత్తి అమర్చడానికి చేసిన మార్పులు 1830లలోనో 1840లలోనో ఒక పేద సైనికుడో పొదుపరియైన ప్రభుత్వమో తీసుకున్న నిర్ణయానికి సాక్ష్యాలు. ఆ సుత్తిని పీకి చెకుముకి గుర్రం తొడిగినవాడు ఒక చరిత్రను పునరుద్ధరించే నెపంతో మరొక చరిత్రను చెరిపివేస్తున్నాడు. సాక్షి నోటిలో మనకు నచ్చిన మాటలు పెట్టడం వంటిదే ఇది. మనుష్యుడు అసత్యం పలికితే అతనిని ప్రశ్నించవచ్చు, అతని కాలంతో ఆ అసత్యం కొంతవరకు అంతరిస్తుంది. వస్తువులో పొదిగిన అసత్యానికి వక్త ఉండడు. శిల్పి పోయాక, కొన్నవాడు పోయాక, అది ఆప్తవాక్యంలా చలామణి అవుతుంది. దానిని చూసి పరిశోధకుడు గ్రంథం రచిస్తాడు. ఆ గ్రంథాన్ని చూపి మరొక కృత్రిమ గుర్రాన్ని పోతపోస్తారు.

దీనికి భక్తుల వైపు నుండి ఒక ఆక్షేపం రాక తప్పదు. మన ఆగమాలు జీర్ణోద్ధారాన్ని విధించలేదా? పూరీ క్షేత్రంలో జగన్నాథుని దారువిగ్రహాలే నవకళేబరంలో సమూలంగా మారవా? మారుతాయి, 1996లోనూ 2015లోనూ జరిగినవి మన జ్ఞాపకంలోనే ఉన్నాయి. కానీ అక్కడ ఐక్యానికి ఆధారం దారువు కాదు, ఒక మూర్తి నుండి మరొక మూర్తికి తరలివెళ్లే బ్రహ్మపదార్థం. ప్రతిష్ఠ ఉన్నచోట అవయవి మారినా అధిష్ఠాత మారడు. అంతకంటె ముఖ్యం, అక్కడ రహస్యమున్నది కానీ వంచన లేదు: విగ్రహం కొత్తదని లోకమంతా ఎరుగును, మార్పే మహోత్సవం. శ్రీకాళహస్తి రాజగోపురం సంగతీ అంతే. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురం 2010 మే నెలలో కూలిపోయింది. దాని స్థానంలో కొత్తది లేచింది, 2017లో కుంభాభిషేకం జరిగింది. స్వామికి అది గోపురమే, భక్తునికి నమస్కారయోగ్యమే. కానీ దాని రాళ్లను చూపి ఇవి రాయల చేతిమీదుగా నిలిచినవని ఎవరైనా చెబితే అది భక్తి అనిపించుకోదు. ప్రసంగవశాత్తు ఒక మాట. శాసనాలున్న గోడలకు సున్నం కొట్టడం, శిథిల శిల్పాల ముక్కులను సిమెంటుతో అతికించి రంగులు పూయడం జీర్ణోద్ధారమని భావించే ధర్మకర్తలు మన గ్రామాలలో ఇంకా ఉన్నారు. పిస్తోలు వ్యాపారికి ధనలోభమైనా కారణం. వీరికి ఆ కారణం కూడా లేదు.

కనుక లోపించిన అవయవాన్ని ఎన్నడూ పూరించరాదని నా పక్షమా? అంత కఠినం కాదు. కట్టడాల పరిరక్షణకై 1964లో వెనిస్ నగరంలో కూడిన నిపుణులు రూపొందించిన నియమావళి పన్నెండవ అధికరణం ఒక మధ్యమార్గం చూపింది. లోపించిన భాగాల స్థానంలో పెట్టేవి మొత్తంతో సామరస్యంగా ఇమడాలి. అదే సమయంలో అసలు వాటి నుండి వేరుగా గుర్తింపబడాలి. దీనిలో నాకు నైయాయికుని నిజాయితీ, శిల్పి సౌందర్యదృష్టి రెండూ కనిపిస్తాయి. వెంటనే అంగీకరించవలసిన క్రమం నా దృష్టిలో ఇది: వెలితిని వెలితిగా ఉంచగలిగితే ఉత్తమం. నిజంగా చెకుముకి పిస్తోలుగానే మిగిలి గుర్రం మాత్రం ఊడినదానికి, చూపు కోసం కొత్తది తొడగడం మధ్యమం. ఆ పని ఏ క్షణంలోనైనా వెనుకకు తీయగలిగేదిగా ఉండాలి, అసలు లోహాన్ని ఆకురాయితో తాకకూడదు. టోపీ పద్ధతికి మారినదాన్ని వెనుకకు మార్చడం, అంకెలను కొట్టడం, తుప్పు పట్టించడం — ఇవి కళ అనిపించుకోవచ్చు, ధర్మం అనిపించుకోవు.

మన దేశంలో ఉన్నవారికి వేరొక కారణమూ ఉన్నది. 1959 ఆయుధ చట్టం 45వ విభాగం, కాలం చెల్లిన నమూనాలకు, పురావిలువ గల వాటికి, శిథిలమైన వాటికి మినహాయింపు ఇస్తున్నది. కానీ అవి మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే ఆయుధంగా పనికిరానివై ఉండాలి. తాతగారి అటక మీద దొరికిన పిస్తోలుకు అవయవం వెదికి బిగించడం అందుచేత సౌందర్యవిషయం మాత్రమే కాదు. హింసాసామర్థ్యం ఉడిగిన వస్తువుకు ఆ సామర్థ్యాన్ని తిరిగి ప్రసాదించే ప్రయత్నంగా అది పరిణమించవచ్చు. లైసెన్సు అధికారిని సంప్రదించకుండా ఏ కమ్మరి ఇంటికీ వెళ్లరాదు. గుర్రం లేని పిస్తోలు అహింసావ్రతం పట్టినట్టు ఉంటుంది, దానిని భంగపరచవలసిన అవసరం నాకైతే కనబడదు.

కొత్త అవయవం తొడగదలచుకున్నవారు దాని లోపలి ముఖం మీద, యంత్రపు పలకను విప్పితే కనబడేచోట, చేసినవాని గుర్తూ చేసిన సంవత్సరమూ చెక్కించండి. పైకి కనబడదు, అందానికి లోటు రాదు. పిస్తోలు పెట్టెలో ఒక కాగితం మీద కూడా అదే వ్రాసి ఉంచండి. అమ్మేటప్పుడు ఆ కాగితాన్ని పెట్టెతోపాటు ఇవ్వండి. ధర కొంత తగ్గుతుంది.