ఘటోత్కచుని దొంగ యెముకలు

త్రవ్వకమున బయల్పడిన మహాకాయుని అస్థిపంజరమని చేతులు మాఱిన ఛాయాచిత్రమును మీలో ఎందఱు చూడలేదు? ఘటోత్కచుడని ఎందఱు చేతులు జోడింపలేదు?

దాని జన్మవృత్తాంతము వినుడు. పురావస్తు బూటకములను కల్పించు పోటీకై 2002లో ఒక చిత్రకారుడు దానిని రచించెను. న్యూయార్కు రాష్ట్రమున 2000లో ప్రాచీన గజజాతి మృగము నెముకలకై జరిగిన త్రవ్వకపు చిత్రమున మనుష్యకంకాళమును అతికించెను. పోటీలో అది వినోదము. పోటీ గడప దాటి, శాస్త్రజ్ఞులును సైన్యమును కనుగొనిరను వ్యాఖ్య తగులగానే మోసమయ్యెను. 2007 మార్చిలో మన దేశపు మాసపత్రిక యొకటి దానిని నిజమని ముద్రించి, పిదప తప్పొప్పుకొనెను. ఆ యొప్పుకోలు చదివినవారెందఱు?

ఆ 2007లోనే నాటి కర్నూలు, నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురము పేరు లోకమున మ్రోగెను. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతము ప్రేలగా ఎగసిన బూడిద మన జుర్రేరు లోయలో పొరయై నిలిచినది. ఆ పొర క్రిందను మీదను మానవుల రాతి పనిముట్లు దొరకినవి. ఆ విపత్తును మనుష్యుడెట్లు దాటెనని పండితులు నేటికిని వాదించుచున్నారు. మనవారో, ఆ బూడిదను త్రవ్వి అమ్ముకొనిరి! దొంగ యెముకలకు దండము, కన్ననేల సాక్ష్యమునకు ఉపేక్ష. ఇంతకంటె సిగ్గుచేటు గలదా?

అప్పుడు అతుకుటకైనను నేర్పరి కావలసియుండెను. నేడు కృత్రిమ మేధకు నాలుగు మాటలు చెప్పిన చాలును. గొయ్యి, ఎముకలు, ప్రక్కన కండ్లద్దముల శాస్త్రజ్ఞుడు, అన్నియు నిమిషములో సిద్ధము. కొందఱు కళాకారులు లేని శాస్త్రమును జోడించి పాత బూటకములకు ఇట్లే క్రొత్త రూపు కట్టుచున్నారు.

కళాకారుని ఊహకు సంకెల వేయుదురా యని అడుగుదురేమో. వేయము. నంద్యాల కృష్ణరాజునకు పింగళి సూరన అంకితమిచ్చిన కళాపూర్ణోదయము కల్పితకథయే. అది కావ్యమని చెప్పుకొనియే వచ్చెను గాన ఎవ్వరును మోసపోలేదు. నేటి చిత్రకారుడును అట్లే చెప్పవలెను. కల్పితమను మాట చిత్రము క్రింద గాక చిత్రములోనే చెఱగని ముద్రగా నుండవలెను; క్రింది వ్యాఖ్య మొదటి చేయి మాఱగానే రాలిపోవును.

ఇక మన వంతు. ఎలక్ట్రానిక్ పత్రమును దాఖలు చేయువానిని భారతీయ సాక్ష్య అధినియమ్, 2023, 63వ సెక్షను ధ్రువపత్రము అడుగును. రెండెకరముల మెట్టచేని తగవునకు కోరు సాక్ష్యమును జాతిచరిత్రకు కోరరాదా? ఎవరు తీసిరి, ఎచ్చట, ఎన్నడు? ఈ మూడు ప్రశ్నలకు ఉత్తరము లేని చిత్రమును మఱియొకరికి పంపకుడు. ఘటోత్కచుడు భారతకథలో సజీవుడై యున్నాడు. అతనికి దొంగ యెముకలతో పనిలేదు.