సస్తా సఫర్‌లో షరం ఏంటి?

పరకాల నుంచి హైదరాబాద్‌కు ఆర్టీసీ బస్సులో పోవడానికి లేని షరం, మక్కా నుంచి మదీనాకు బస్సులో పోవడానికి ఎందుకు భాయ్? దూరం సుమారు 450 కిలోమీటర్లు. 2018లో మొదలైన హరమైన్ రైలు రెండున్నర గంటల్లో చేరుస్తుంది. బస్సుకు ఐదారు గంటలు, కిరాయి మాత్రం తక్కువ. నేనూ అమ్మీ బస్సులోనే పోయాం. దారి పొడవునా ఆమె దరూద్ చదువుకుంది.

మన ఇళ్లల్లో 'హరమ్ ముందే హోటల్' ప్యాకేజీ కోసం కర్జ్ చేస్తున్నారు, లేదంటే ఏళ్లకేళ్లు ఆగుతున్నారు. అమ్మీ అబ్బాల మోకాళ్లు మన జీతం పెరిగేదాకా ఆగవు కదా! హనఫీ మస్లక్‌లో ఉమ్రా సున్నత్. తాహతు లేనివాళ్లపై హజ్ కూడా ఫర్జ్ కాదు. మరి ఈ దిఖావా ఎవరి కోసం? హోటల్ దూరమైనా హరమ్‌కు బస్సు నడిపేది చూసుకోండి. వాళ్లు తవాఫ్ సొంత కాళ్లతో చేయగలిగినప్పుడే తీసుకెళ్లండి.