చక్రాల గూట్లోకి తొంగిచూసేవాళ్లకు

విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లినవాళ్లలో చాలామంది టీయూ-142 విమానం ముందు నిలబడి ఫొటో దిగుతారు. వంగి చక్రాల గూటిని ఫొటో తీసేవాళ్లు మాత్రం అరుదు. విమానాల చిన్న నమూనాలు తయారుచేసే అలాంటివాళ్ల కోసమే ఈ సంచిక.

1988లో మన నౌకాదళంలోకి వచ్చిన ఈ రకం విమానాలు 2017 మార్చిలో కొలువు ముగించాయి. అదే ఏడాది డిసెంబరులో వాటిలో ఒకటి ఇక్కడ మ్యూజియమైంది. రెక్కల కొస నుంచి కొసకు దాదాపు 50 మీటర్లు. 1:72 నమూనాలో అది సుమారు 70 సెంటీమీటర్లు (ఇంట్లోవాళ్లను ముందే ఒప్పించుకోండి). ఆ నమూనా మీద అర మిల్లీమీటరు వెడల్పున అతుకు గీత చెక్కితే, అసలు విమానం రేకుల మధ్య 36 మిల్లీమీటర్ల సందు ఉన్నట్టు! అలాంటి విమానం ఎక్కేదెవరు?

అందుకే అసలు విమానాన్ని చూసి చేయాలి. అలాగని మ్యూజియం ఫొటోను గుడ్డిగా నమ్మకూడదు. ప్రదర్శనకు పెట్టేముందు చాలాచోట్ల కొత్త రంగు కొడతారు, కొన్ని పరికరాలు ఊడదీస్తారు, చక్రాల మీద బరువు పడకుండా స్టాండ్లు పెడతారు. రంగుకూ, నిలబడే తీరుకూ కొలువులో ఉన్నప్పటి ఫొటోలే ప్రమాణం. ఆకారానికీ, రివెట్ల వరసకూ మ్యూజియమే దిక్కు. ముఖ్యంగా ప్రొపెల్లర్లు చూడండి. ఒక్కో ఇంజనుకు రెండేసి, ఒకదాని వెనక ఒకటి, వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి. రెండింటి రెక్కల వంపూ ఒకేలా అతికిస్తే ఎంత మంచి రంగు వేసినా నమూనా చెడినట్టే.

ఫొటోలు కాస్త దూరం నుంచి జూమ్‌తో తీయండి; మరీ దగ్గర నుంచి ఫోన్‌తో తీస్తే ముక్కు ఉబ్బి కనిపిస్తుంది. తీసిన తేదీ రాసి మాకూ పంపండి.