చేయని అప్పుకు సంజాయిషీ

చేసిన అప్పు తీర్చవలసిందే. కాని చేయని అప్పును తాను చేయలేదని రుజువు చేసుకునే భారం సైతం పౌరునిపైనే మోపడం ఏ న్యాయమో బోధపడదు. 2022 ఫిబ్రవరిలో పలువురికి ఈ అనుభవం కలిగింది. తమ పాన్ నంబరుపై అపరిచితులెవరో మొబైల్ యాప్ ద్వారా స్వల్ప రుణాలు పొంది ఎగవేసిన సంగతి, క్రెడిట్ రిపోర్టు చూసుకున్న తర్వాతగాని వారికి తెలియరాలేదు. బాధితులలో ఒక సినీనటి ఉన్నందున ఆ ఉదంతం పత్రికలకెక్కింది. లేకుంటే ఎక్కేదా అన్నది సందేహమే.

2005 నాటి చట్టం క్రింద నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలు, సామాన్యుడు 'సిబిల్' అని పిలిచే సంస్థతో సహా, మన అప్పుల చరిత్రను భద్రపరుస్తున్నవి. ప్రతి సంస్థ ఏటా ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇచ్చి తీరాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2017 జనవరి నుండి అమలులో ఉన్నది. మూడు నెలలకొక సంస్థను అడిగితే పైసా ఖర్చు లేకుండా ఏడాది పొడవునా కాపలా కాయవచ్చు. స్కోరు ఒక్కటే చూసి సంతృప్తి చెందరాదు. ఎరుగని రుణఖాతా, ఎన్నడూ నివసించని చిరునామా, మన దరఖాస్తు లేకుండానే ఏదో బ్యాంకు చేసిన ఎంక్వైరీ: దొంగ జాడలు అక్కడే ఉంటాయి.

జాడ కనిపించినచో అప్పిచ్చిన సంస్థకూ, క్రెడిట్ సంస్థకూ ఏకకాలంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, సైబర్ నేరాల పోలీసులకు తెలపాలి. ఇతరుల గుర్తింపును అపహరించడం సమాచార సాంకేతిక చట్టం 66-సి సెక్షను క్రింద మూడేళ్ల వరకు కారాగార శిక్షకు అర్హమైన నేరం. ఫిర్యాదు 30 రోజులలో పరిష్కారం కానిచో ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలన్న నియమం 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోకి వచ్చింది. మంచిదే. అయితే ఇంటి రుణం దరఖాస్తు తిరస్కరింపబడి, బయానా పోగొట్టుకున్నవానికి ఆ నూరు రూపాయలు ఏ మూలకు?

తప్పంతా పౌరుని అజాగ్రత్తదే అనడం అధికారులకు పరిపాటి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ప్రభుత్వ వెబ్‌సైటులోనే లభించిన రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుండి వేలిముద్రలు సేకరించి, రబ్బరు ముద్రలు చేసి, వేలాది సిమ్ కార్డులకు వినియోగించినట్లు పోలీసులు వెల్లడించారు. ఆ దస్తావేజులపై వేలిముద్ర వేసినవారి అజాగ్రత్త ఏమిటి? పేరు ఒకరిది, సిమ్ మరొకరిది అయినచో అప్పు నిమిత్తం వచ్చే ఓటీపీ ఎవరి చేతికి చేరుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ బెడద మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికాలో 2017లో ఒక క్రెడిట్ సంస్థ నుండి 14 కోట్లకు పైగా ప్రజల వివరాలు దొంగల పాలైన పిమ్మట, తన రిపోర్టుకు తానే తాళం వేసుకునే హక్కును 2018లో అక్కడి చట్టం ఉచితం చేసింది. తాళం ఉన్నంతవరకు కొత్తగా అప్పిచ్చేవానికి రిపోర్టు కనిపించదు. దొంగకు అప్పు పుట్టదు. మన 2005 చట్టంలో అట్టి హక్కు లేదు. రిపోర్టును ఎవరైనా చూసినప్పుడు ఖాతాదారుకు ఎస్సెమ్మెస్ పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది గాని, దొంగ గడప దాటాక మోగే గంట అది. పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి తాళంచెవిని పౌరుని చేతికివ్వాలి. అప్పు తీసుకున్నది ఫలానా మనిషేనని రుజువు చేసే బాధ్యతను అప్పిచ్చిన సంస్థపై ఉంచాలి. అది రుజువయ్యేదాకా ఆ పద్దును అతని బాకీగా చూపరాదు.