వాన కబురుతోపాటు పురుగు కబురూ చెప్పండి!

తొలకరి పడిందంటే రైతు ముఖం వెలిగిందని అందరూ మురిసిపోతారు. అదే వానకి నిద్రలేచే ఇంకో ప్రాణి ఉంది. మా డోన్ చుట్టుపక్కల ఎర్రనేలల్లో బుడ్డలు, అదే వేరుశనగ వేసేవాళ్ళకు ఎర్ర గొంగళి పురుగు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కిందటేడు పంట తిన్న పురుగులు గట్ల పక్కన, చెట్ల నీడన మట్టిలోకి దూరి, కోశాలుగా మారి నెలల తరబడి పడుంటాయి. గట్టి వాన పడి నేల నానిందా, రెండుమూడు రోజుల్లో రెక్కలొచ్చి బయటికొస్తాయి. ఒక్కోటి వందల గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు కాస్త ఎదగ్గానే దండుగా చేను నుంచి చేనుకు పాకుతూ లేత మొక్కల్ని మోడు చేసేస్తాయి.

కాబట్టి తొలి వాన పడిన ఆ వారమే ముఖ్యం. ఊరంతా కలిసి రాత్రిళ్ళు గట్లమీద మంటలు వేస్తే రెక్కల పురుగులు వెలుగుకొచ్చి మాడిపోతాయి. గుడ్లున్న ఆకుల్ని తుంచేయొచ్చు. ఒళ్ళంతా బొచ్చు పెరిగి పెద్దవయ్యాక మాత్రం మందు కొట్టినా ఓ పట్టాన చావవు.

వాన మొహం చాటేసినా గండమే. ఎండలు ముదిరితే బుడ్డలకి ఆకుముడత పురుగు, తామర పురుగు పట్టుకుంటాయి. కంది పూత మీదున్నప్పుడు ముసురు పడితే కాయతొలుచు పురుగు భయం. జోరువాన కురిస్తే పేనుబంక కొట్టుకుపోతుంది కూడా. అలాంటప్పుడు మందు కొట్టడం డబ్బు నీళ్ళపాలు చేసుకోవడమే కదా! 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తిమీద లద్దెపురుగు విరుచుకుపడితే, మందుమీద మందు కొట్టి, అప్పులు తీరే దారిలేక ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అప్పులూ పిల్లలూ మిగిలింది వాళ్ళ భార్యలకే.

ఇంతకీ చేలో పురుగుని ముందు చూసేదెవరు? రోజంతా వంగి కలుపు తీసే ఆడమనిషే. మందుల దుకాణానికి వెళ్ళేదీ, ఏది ఎప్పుడు కొట్టాలో తేల్చేదీ మాత్రం చాలా ఇళ్ళల్లో మగవాళ్ళే. వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో రైతులకు సలహాలిస్తోంది. మంచిదే. అవి ఇంట్లో ఎవరి ఫోనుకి వస్తున్నాయో ఒకసారి కనుక్కోండి.

నేననేది ఒక్కటే. ఈ కబురు పొదుపు సంఘాలకు నేరుగా అందాలి. ఒక్కరు మంట వేస్తే పక్క చేలో పురుగు ఆగదు, ఊరు మొత్తం ఒకే రోజు కదలాలి. నలుగురినీ కూడగట్టడం మన సంఘాలకు చేతకాని పనా? నెలనెలా పొదుపు లెక్కలు చూసుకునే చోటే 'ఈ వారం మబ్బా, ఎండా, ఏ పురుగు రావచ్చు' అని ఓ పది నిమిషాలు మాట్లాడుకుంటే చాలు.

'ఇప్పటికే నెత్తిన బండెడు చాకిరీ, పైన ఇదొకటా?' అనొచ్చు ఎవరైనా. పురుగులు ఏరే చాకిరీ ఎలాగూ ఆడవాళ్ళదే. నేను అడుగుతున్నది నిర్ణయంలో వాటా.

టౌన్లో ఉండే మనకెందుకీ గొడవ అంటారా? అక్కర్లేకుండా కొట్టిన మందు రైతు అప్పుల చిట్టాతో ఆగదు, మన వంటింటి దాకా వస్తుంది. ఈసారి వాన పడగానే ఊళ్ళో ఉన్న అక్కకో వదినకో ఫోన్ చేసినప్పుడు, 'పదునైందా?' అని అడిగి ఊరుకోకండి. 'పురుగులేమైనా కనిపించాయా? ఇంట్లో చెప్పావా? నీ మాట విన్నారా?' అని కూడా అడగండి.