బంగారు బాటలో నీటి లెక్క

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 210 కిలోమీటర్ల పొడవైన కాలిబాట ఒకటి ఉన్నది. బల్లారట్ నగరానికి సమీపంలోని బునిన్యాంగ్ కొండ వద్ద మొదలై, క్రెస్విక్, డేల్స్‌ఫర్డ్, కాసిల్‌మైన్ పట్టణాల మీదుగా అది బెండిగో నగరాన్ని చేరుతుంది. దాని పేరు గోల్డ్‌ఫీల్డ్స్ ట్రాక్. 1851లో ఈ ప్రాంతంలో బంగారం బయటపడిందన్న వార్త విని ప్రపంచం నలుమూలల నుండి జనం తరలివచ్చారు. వారు తవ్విపోసిన నేల మీదుగానే ఈనాటి పాదయాత్రికులు నడుస్తారు. దారి పొడవునా నడిచేవారికి పది పన్నెండు రోజులు పడుతుంది.

యాత్రకు పూనుకున్నవారు మొదటిసారి పటం పరచుకొన్నప్పుడు పాత గనులు ఎక్కడెక్కడ ఉన్నవో చూస్తారు. రెండవసారి పరచుకొన్నప్పుడు మాత్రం వెదికేది నీటినే.

ముందుగా ఋతువును ఎంచుకోవాలి. అక్కడ డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు మండువేసవి. అడవులు అంటుకొనే కాలం. కనుక మార్చి నుండి మే వరకుగాని, సెప్టెంబరు నుండి నవంబరు వరకుగాని బయలుదేరడం మేలు. తరువాత బరువు సంగతి. నడిచే మనిషికి తాగడానికి, వండుకోవడానికి కలిపి రోజుకు మూడు నాలుగు లీటర్ల నీరు కావాలి. లీటరు నీరు కిలో తూగుతుంది. రెండు రోజుల నీరు మోయవలసి వస్తే వీపు మీద ఆరు నుండి ఎనిమిది కిలోలు దానికే సరి. గుడారం, తిండి, దుప్పటి ఆపైన. అందుచేత అనుభవజ్ఞులు ముందుగానే కారులో వెళ్లి, బాట రోడ్డును దాటే చోట్ల నీటి డబ్బాలు దాచి వస్తారు.

దారిలో వాగులు లేకపోలేదు. కాని వాటిని నమ్మరాదు. ఆనాడు బంగారాన్ని వేరు చేయడానికి పాదరసం వాడారు. రాళ్లను పిండి చేసినప్పుడు వాటిలోని ఆర్సెనిక్ మట్టిలో కలిసింది. నీటిని మరగబెడితే క్రిములు చస్తాయిగాని ఈ విషాలు పోవు. ఒక తరం సంపాదన మరో తరం దాహానికి అడ్డు వచ్చిందన్నమాట.

నీటితో ఆ ప్రాంతానికి ఉన్న వైరం క్రెస్విక్‌లో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1882 డిసెంబరు 12న అక్కడి న్యూ ఆస్ట్రలేసియన్ గనిలోకి, పక్కనే వదిలివేసిన పాత గనిలో నిలిచిన నీరు ఒక్కసారిగా విరుచుకుపడింది. లోపల చిక్కుకొన్న 27 మందిలో అయిదుగురే ప్రాణాలతో బయటపడ్డారు. మిగిలినవారిలో కొందరు చీకటిలో, తాము వెంట తెచ్చుకొన్న టీ డబ్బాల రేకుల మీద భార్యాబిడ్డలకు చివరి మాటలు గీకి పెట్టారు. ఆ చుట్టుపక్కల కొండలనే గని పనుల కోసం బోడి చేశారు. జాన్ లా గెర్ష్ అనే అటవీ ఉద్యోగి 1880లలో ఆ బోడి కొండల మీద మొక్కలు నాటించాడు. ఈనాటి నీడకు ఆయన పూనికే మూలం.

డేల్స్‌ఫర్డ్ దగ్గరి హెప్‌బర్న్‌లో కథ మరో విధంగా నడిచింది. అక్కడ ఖనిజలవణాలు గల నీటి ఊటలు ఉన్నవి. గనుల తవ్వకం వాటిని పాడు చేస్తుందని 1860లలో స్థానికులే ప్రభుత్వాన్ని అర్థించి, ఊటల చుట్టూ నేలను కాపాడుకొన్నారు. బంగారం కోసం సముద్రాలు దాటి వచ్చినవారు ఒకచోట బంగారాన్ని కాదని నీటిని కోరుకొన్నారు. ఆ ఊటల వద్ద నేటికీ జనం సీసాలు నింపుకొంటున్నారు.

అక్కడి నుండి కాసిల్‌మైన్ వరకు సాగే భాగాన్ని డ్రై డిగ్గింగ్స్ ట్రాక్ అంటారు. అంటే ఎండు తవ్వకాలు. మట్టిని కడిగితేగాని బంగారం తేలదు. కడగడానికి నీరు లేదు. ఆ అవసరమే కొండల పక్కగా కాలువలు తవ్వించింది. కాసిల్‌మైన్ దాటాక బాట చాలా దూరం కొలిబన్ కాలువ గట్టునే పోతుంది. జోసెఫ్ బ్రేడీ అనే ఇంజనీరు రూపొందించిన ఆ పథకం ద్వారా 1877లో బెండిగోకు నీరు అందింది. ఆ గట్టు మీద నడక సుఖం. అయితే శుద్ధి చేయని నీరు కనుక పక్కనే పారుతున్నా తాగరాదు.

మరొక హెచ్చరిక: బాటకు ఇరువైపులా పొదల మాటున పాత గనుల నిలువు గోతులు నోళ్లు తెరచుకొని ఉంటాయి. చీకటి పడ్డాక బాట వదలి అడుగు వేయరాదు. ఈ నేలకు అనాదిగా యజమానులైన జాజా వురుంగ్ ప్రజలు దీనిని తలకిందులైన నేల అంటారు. పై మట్టి కిందికి, కింది మట్టి పైకి వచ్చిన ఆ గుట్టలను చూసినవారికి ఆ మాట మరి విప్పి చెప్పనక్కరలేదు.

కాబట్టి యాత్రా పథకం చివరికి చిన్న కాగితం మీద ఇమిడిపోతుంది. ఏ రోజు ఏ ఊరు, ఆ ఊరిలో కుళాయి ఎక్కడ, మళ్లీ కుళాయికి ఎంత దూరం. సంచిలో ఒక లీటరును మాత్రం, ముందున్న ఊరి ఇళ్లు కంటబడేవరకు ముట్టరాదు.