ఆ ప్రశ్నార్థకాన్ని చెరిపివేయవద్దు

నిక్ లేన్ 2005లో వెలువరించిన ‘పవర్, సెక్స్, సూయిసైడ్’ మైటోకాండ్రియా జీవితచరిత్ర వంటి పుస్తకం. అది చదివిన వారికి, కణానికి మైటోకాండ్రియా శక్తి కేంద్రమన్న పాఠ్యపుస్తకపు వాక్యం అబద్ధంగా కాదు గాని, అసంపూర్ణంగా కనిపిస్తుంది.

మైటోకాండ్రియా ఒకనాటి బ్యాక్టీరియా సంతతి అన్న వాదాన్ని 1967లో లిన్ మార్గులిస్ బలంగా నిలబెట్టారు. నేటికీ వాటికి వలయాకారపు డీఎన్ఏ, అందులో 37 జన్యువులు ఉన్నాయి. కణం దెబ్బతిని ఆ డీఎన్ఏ బయటపడితే, రోగనిరోధక వ్యవస్థ దానిని పరాయి బ్యాక్టీరియాగా భ్రమించి వాపును రగిలిస్తుంది.

ఈ ఎరుకతో పెద్దపేగును చూడాలి. మనం తిన్న పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి. పేగు లోపలి పొర కణాలకు ప్రధానమైన ఇంధనం అదే; దానిని దహించేవి మైటోకాండ్రియాలే. ఆ దహనానికి ప్రాణవాయువు ఖర్చవుతుంది కనుకనే పేగులో అది లేనిచోట బతికే మేలుచేసే సూక్ష్మజీవులకు నీడ దొరుకుతుంది. ఈ దహనం కుంటుపడితే పొర బలహీనమవుతుంది. బ్యాక్టీరియా లోనికి చొరబడతాయి. రక్షక కణాలు రెచ్చిపోతాయి.

1980లో రోడిగర్ ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం రాస్తూ, అల్సరేటివ్ కొలైటిస్ శక్తి లేమి వల్ల కలిగే వ్యాధా అని శీర్షికలోనే ప్రశ్నించారు. ఆ ప్రశ్నకు నేటికీ తుది సమాధానం లేదు. వాపు కూడా మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. కనుక ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం కష్టం. బ్యూటిరేట్‌ను ఎనిమాగా ఇచ్చి చేసిన పరీక్షలు కూడా ఒకే మాట చెప్పలేదు.

అయితే అంగడి ఆ ప్రశ్నార్థకాన్ని ఎప్పుడో చెరిపివేసింది. మైటోకాండ్రియాకు బలమిస్తుందంటూ అమ్మే మాత్రల సీసాను బల్ల మీద పెట్టి, “ఇవి వేసుకుంటే ఆ మందులు మానేయవచ్చా, డాక్టరు గారూ?” అని అడిగే రోగికి ఏం చెప్పాలి? మానవద్దనే చెబుతాను. మందులు మానితే అణగిన వ్యాధి మళ్ళీ తిరగబెట్టవచ్చు. ఆ మూల్యం చెల్లించేది సీసా అమ్మినవాడు కాదు.

లేన్ పుస్తకాన్ని తప్పక చదవండి. అది కలిగించే ఆశ్చర్యాన్ని ఆశ్చర్యంగానే దాచుకోండి, చికిత్సగా మార్చుకోకండి. విజ్ఞానంలో ప్రశ్నార్థకం లోపం కాదు, నిజాయితీ.